వైన్ సీసా కొనే ముందు

తిరుపతి ఎండల్లో వైన్‌కి మొదటి శత్రువు వేడి. అందుకే ధర అడగకముందే షాపులో సీసా ఎక్కడ పెట్టారో చూడండి. ఎండ పడే అరలో ఉంటే వద్దు. బిరడా మూతి పైకి ఉబికినా, మెడ కింద జిగురు మరక కారినా ఆ సీసా వేడికి దెబ్బతిని ఉండొచ్చు. సగం ధరకిచ్చినా తీసుకోకండి. నేనొకసారి అలాంటిదే తెచ్చి, మొత్తం సింకులో పోశాను. ఆ బాధ ఇంకా ఉంది.

– లేబుల్ మీద ద్రాక్ష కోసిన సంవత్సరం చదవండి. మామూలు ధర తెల్ల వైన్ రెండు మూడేళ్లలోపుదైతే మంచిది.

– పేరుకే డబ్బు పోయకండి. ఫ్రాన్స్‌లో పేరున్న వైన్ ప్రాంతం బోర్డోలో వాడే కాబర్నే సావిన్యాన్ ద్రాక్షే చిలీలోనూ పండుతుంది, సీసా చాలాసార్లు చవక. షెనిన్ బ్లాంక్ (ఒక రకం తెల్ల ద్రాక్షతో చేసే వైన్) కావాలంటే నాసిక్‌ది చూడండి, దిగుమతి సుంకం ఉండదు.

– బిరడా బదులు తిప్పి తీసే మరమూత ఉంటే నాసిరకం అనుకోకండి.

– బెంగళూరు నుంచి తెచ్చేటట్టయితే ముందే ఎక్సైజ్ రూల్స్ కనుక్కోండి.

– కొండకెళ్లే కారులో సీసా అస్సలు వద్దు. తిరుమలలో మద్యం నిషేధం, అలిపిరిలో బండి తనిఖీ చేస్తారు.