సొంతూరి పటం గీసుకోవడం ఎలా

చదువు కోసమో ఉద్యోగం కోసమో ఊరు దాటబోయే వయసులోనే ఈ పని పెట్టుకోవాలి. రోజూ తిరిగే దారులు అప్పటికింకా కాళ్లకు గుర్తుంటాయి. కావలసినవి రెండు ఏ3 కాగితాలు, అదే కొలత ట్రేసింగ్ పేపరు, పెన్సిలు, స్కేలు, కొలటేపు, కొన్ని కార్డులు, ఫోను. తీరిక దొరికే నాలుగు రోజులు చాలు.

మొదటి పటం పూర్తిగా జ్ఞాపకంలోంచి రావాలి. ఫోను పక్కన పడేసి, ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి అరగంటలో ఊరంతా గీసేయండి. రబ్బరు వాడొద్దు. నగర ప్రణాళికావేత్త కెవిన్ లించ్ బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ వాసుల చేత ఇలాగే గీయించి, మనుషులు తమ ఊరిని ఐదు రకాల గుర్తులతో తలుచుకుంటారని 1960లో తేల్చాడు: దారులు, హద్దులు, పేటలు, కూడళ్లు, దూరం నుంచి కనబడే ఆనవాళ్లు. గీయడం ఆగిపోయిన చోట ఈ ఐదింటినీ ఒక్కొక్కటిగా తలుచుకుంటే చెయ్యి మళ్లీ కదులుతుంది. పటం వంకరగా వస్తుంది. ఇష్టమైన వీధి పొడుగ్గా, ఎప్పుడూ వెళ్లని పేట చిన్న గీతగా మిగిలిపోతుంది. ఆ వంకరను సరిచేయకండి, మీ మమకారం ఉన్నది దాంట్లోనే. తేదీ వేసి పక్కన పెట్టండి.

ఇప్పుడు మీకు ముఖ్యమైన చోట్లు ఎంచుకోవాలి. పన్నెండుకు మించొద్దు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, బయటివాళ్లకు చూపించే చోట్లను రాసుకోవడం. ప్రతి పేరు దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది రేపు లేకుండా పోతే నా రోజులో ఏం మారుతుంది? జవాబు తట్టకపోతే కొట్టేయండి. మిగిలేవి బహుశా ఒక మెట్టు, ఒక మలుపు, ఒక గోడ నీడ.

అందుకే కట్టడం పేరు రాసి ఊరుకుంటే చాలదు. మీరు నిలబడే చోటు, లేదా కూర్చునే చోటు రాయాలి. ఒక్కో చోటుకు ఒక్కో కార్డు పెట్టుకోండి. దాని మీద ఉండాల్సినవి: ఎక్కడ, ఎటు తిరిగి, ఏ వేళ, ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది, అది మీకెందుకు కావాలి. ‘గ్రంథాలయం’ అని రాస్తే పదేళ్ల తర్వాత అది ఉత్త పేరు. ‘గ్రంథాలయం మెట్లలో కింది నుంచి మూడోది, కుడి చివర, సాయంత్రం 5:40, పడమటి ముఖం, రాతి అంచు అరిగి అరచేతికి నున్నగా తగులుతుంది, లోపల కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటున్న చప్పుడు’ అని రాస్తే మళ్లీ వెళ్లి అక్కడే కూర్చోవచ్చు.

అదే కార్డు మీద, ఫోను చూపే అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెల దాకా రాయండి. ఐదో అంకె అంటే సుమారు మీటరు తేడా. నాలుగు అంకెలతో ఆపితే తేడా పది మీటర్ల పైచిలుకు, అంటే రోడ్డు అవతలికి వెళ్లిపోవచ్చు. ఫోను జీపీఎస్ ఆకాశం బాగా కనబడే చోట కూడా కొన్ని మీటర్లు తప్పుతుంది, ఎత్తైన గోడల మధ్య ఇంకా ఎక్కువ. కాబట్టి అంకెలతో పాటు ‘స్తంభానికి నాలుగడుగుల ఎడంగా’ లాంటి మాట కూడా చేర్చండి. ఎటు తిరిగి ఉన్నారో ఫోనులోని దిక్సూచిలో చూసేటప్పుడు వాహనాలకు, ఇనుప గేట్లకు దూరంగా జరగండి, ముల్లు పక్కకు లాగేస్తుంది.

రెండో పటం అసలు కొలతలతో గీయాలి. ఆ కొలతలు మీ నడక అడుగులతోనే తీయవచ్చు. టేపుతో 50 మీటర్లు గుర్తు పెట్టి, మామూలు నడకతో మూడుసార్లు నడిచి సగటు తీయండి. 70 అడుగులు వస్తే అడుగుకు 71 సెంటీమీటర్లు. పటంలో ఒక సెంటీమీటరును 25 మీటర్లు అనుకుంటే, 200 అడుగులు నడిచే వీధి దాదాపు 5.7 సెంటీమీటర్లు. ఏ3 కాగితంలో ఒక కిలోమీటరు పొడవు, 700 మీటర్ల వెడల్పు పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడూ జనంలోనూ అడుగు కురచవుతుంది, ఆ వీధులను తెల్లవారుజామున మరోసారి నడవండి.

పాత ఫొటో దొరికితే, దాన్ని తీసినవాళ్లు నిలబడిన చోటును వెతకడం ఈ పని మొత్తంలో మేలైన భాగం. ఫొటోలో దగ్గరి వస్తువొకటి, దూరపు వస్తువొకటి ఎంచుకోండి. స్తంభం, దాని వెనక కిటికీ అనుకుందాం. ఫొటోలో కంటే స్తంభం కిటికీకి కుడిగా కనబడితే మీరూ కుడికి జరగాలి, ఎడమగా ఉంటే ఎడమకు. కిటికీతో పోలిస్తే స్తంభం మరీ పెద్దగా ఉంటే వెనక్కి నడవండి. జూమ్ చేసి సరిపెట్టొద్దు. జూమ్ రెంటినీ ఒకే మేర పెంచుతుంది, వాటి మధ్య పొందిక మారదు. రెండూ కుదిరాక నీడలు చూడండి, అదే నెలలో అదే వేళకు వెళ్తే అవీ కలుస్తాయి. పాత చిన్న ఫొటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. వెనక ఏమైనా రాసి ఉంటే ఆ వైపునూ వదలొద్దు.

చప్పుళ్లను రికార్డు చేయడానికి ఒక్కో చోట రెండు నిమిషాలు ఆగండి. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గట్టు మీద ఉంచండి, చేతిలో ఉంటే వేళ్ల రాపిడి పడుతుంది. మొదట చోటు, తేదీ, వేళ పైకి చెప్పండి.

పెద్దవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి అడిగే కంటే ఆ చోటికి వెంట తీసుకెళ్లండి. మలుపు కనబడగానే మరిచిపోయిన పేర్లు వాటంతటవే నోటికి వస్తాయి. ‘అప్పుడు బాగుండేది కదా?’ అంటే అవునంటారు, అక్కడితో సరి. ‘ఇక్కడ ముందు ఏముండేది? ఎటు నుంచి వచ్చేవారు?’ అని అడిగి ఆగండి. మౌనాన్ని మీరు నింపకండి. ఎవరి ఇల్లయినా పటంలోకి వస్తే వాళ్లను అడిగాకే ఇతరులకు చూపండి.

ఫొటోలను మెసేజింగ్ యాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన వేళా చోటూ వివరాలు కూడా ఊడిపోవచ్చు. డాక్యుమెంటుగా పంపండి, లేదా కేబుల్‌తో ఎక్కించుకోండి. మూడు ప్రతులు ఉంచండి: రెండు వేర్వేరు పరికరాల్లో, ఒకటి ఇంకో ఇంట్లో. కాగితప్పటాన్ని లామినేట్ చేయించొద్దు, వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ రాదు.

చివరగా ట్రేసింగ్ పేపరును కొలిచిన పటం మీద పరిచి ఎంచుకున్న చోట్లకు బిందువులు పెట్టండి. ఆ కాగితాన్నే మొదటి పటం మీదకు మార్చి, ఇంటి గుమ్మం గుమ్మం మీదకు వచ్చేలా ఆనించి, ప్రతి బిందువు నుంచి జ్ఞాపకంలోని చోటుకు ఒక బాణం గీయండి. కొన్ని బాణాలు ఇంటి వైపు తిరిగి ఉంటాయి. ఉన్నదానికంటే దగ్గరగా మీరు గుర్తుపెట్టుకున్న చోట్లు అవి. ఊరు విడిచే ముందు రోజు సమయం తక్కువైతే, వాటి దగ్గరికే ముందు వెళ్లండి.