ఇటలీ కొండపల్లెల్లో సైకిలు ప్రయాణం: రద్దీ లేని దారిని ఎంచుకునే పద్ధతి

ఇటలీ కొండల్లో సైకిలు తొక్కాలనుకునేవారు మొదట దూరం ఎంత, ఎత్తు ఎంత, ఎండ ఎలా ఉంటుంది అని చూసుకుంటారు. వీటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటుందని నా అభిప్రాయం. ఈ రెండు ఊళ్ల మధ్య తొందరలో ఉన్న కారు ఏ దారిన పోతుంది? అది తెలిస్తే ఆ దారిని కార్లకే వదిలేసి, మిగిలినవాటిలో మనకు నచ్చినదాన్ని ఎంచుకోవచ్చు. ప్రశాంతమైన దారి అదృష్టం కొద్దీ దొరికేది కాదు, ముందురోజు రాత్రి మ్యాపు ముందు కూర్చుని వెతికితే దొరికేది.

మధ్య ఇటలీ భూమి తీరు ఈ వెతుకులాటకు బాగా అనుకూలిస్తుంది. టస్కనీ, ఉంబ్రియా, మార్కే ప్రాంతాల్లోని పాత ఊళ్లలో చాలా భాగం గుట్టల నెత్తిన కట్టినవే. శత్రువుల భయం ఒక కారణం, పల్లపు నేలల్లో మలేరియా బెడద మరొక కారణం. ఆ తరువాతి కాలంలో రైలు పట్టాలు, ఫ్యాక్టరీలు, వెడల్పాటి రోడ్లు లోయల్లోకి వచ్చాయి. ఒక ఊరిని మరో ఊరితో కలుపుతూ గుట్టల వీపు మీదుగా సాగే పాత దారులకు ఇక ఆ ఊరివాళ్ల కార్లు, ట్రాక్టర్లు, పోస్టు బండ్లే మిగిలాయి. అందుచేత మ్యాపులో లోయ వెంట మందపాటి గీత కనిపిస్తే, దానికి పక్కగా కొండ మీద మెలికలు తిరిగే సన్నగీత కోసం చూడాలి. రెండూ ఒకే ఊరికి చేరుస్తున్నాయంటే ఆ సన్నగీతే మనది.

రోడ్ల పేర్ల ముందుండే అక్షరాలు కూడా చాలా సంగతులు చెబుతాయి. 'ఎ' అక్షరం ఉన్న ఆటోస్ట్రాదాలకు, అంటే కార్ల వేగపు రహదారులకు, ఆకుపచ్చ బోర్డులుంటాయి, వాటి మీదికి సైకిలును రానివ్వరు. 'ఎస్‌ఎస్' జాతీయ రోడ్డు, 'ఎస్‌ఆర్' ప్రాంతీయ రోడ్డు, 'ఎస్‌పీ' జిల్లా స్థాయి రోడ్డు. మనకు ఎక్కువగా పనికివచ్చేవి ఎస్‌పీలు, వాటికంటే చిన్నవైన గ్రామ రోడ్లు. కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. ఊళ్ల మధ్య మామూలు రోడ్లకు నీలం బోర్డులుంటాయి కనుక, నీలం బోర్డు కనబడిన ప్రతి రోడ్డూ సైకిలుకు తగినదే అనుకుంటారు. కానీ సూపర్‌స్ట్రాదా అని పిలిచే, నడుమ విభజన ఉన్న వేగపు రోడ్లకూ నీలం బోర్డులే ఉంటాయి. ఆ రోడ్డులోకి దిగే చోట నీలం చతురస్రంలో తెల్లని కారు బొమ్మ కనిపిస్తే అక్కడే ఆగి వెనక్కి తిరగాలి.

ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు వెళ్లే దారిని ఉదాహరణగా తీసుకుందాం. తొందర ఉన్నవాళ్లు సూపర్‌స్ట్రాదా మీద పోతారు. తొందర లేని పర్యాటకులు ద్రాక్షతోటల నడుమ గ్రేవే, పన్‌జానో, కాస్తెల్లీనా మీదుగా సాగే ఎస్‌ఆర్ 222 పడతారు. కియాంతిజానా అనే ఈ రోడ్డు అందానికి పేరు మోసింది, ఆ పేరు వల్లనే సెలవురోజుల్లో అద్దె కార్లు, మోటారు సైకిళ్లతో నిండిపోతుంది. పేరున్న దారికి ఒక వరుస పక్కన, పేరులేని దారి మీద తొక్కాలన్నదే నేను పెట్టుకున్న నియమం. ఇక్కడ తూర్పుకు జరిగి రాద్దా, గయోలే వైపు చిన్న రోడ్లు పట్టుకుంటే కొండలు అవే, తోటలు అవే. చక్రం కింద రాయి చిట్లిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

గయోలే ఇన్ కియాంతి పేరు సైకిలు ప్రియులకు ప్రత్యేకంగా తెలిసి ఉండాలి. 1997లో లెరోయికా అనే పాత సైకిళ్ల యాత్ర మొదలైంది ఇక్కడే. స్ట్రాదే బియాంకే, అంటే తెల్లదారులు అనే కంకర రోడ్లను తారు కింద కప్పెట్టకుండా కాపాడుకోవాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఆ యాత్ర అక్టోబరులో జరుగుతుంది గానీ, దాదాపు 209 కిలోమీటర్ల ఆ దారికి శాశ్వతంగా గుర్తు బోర్డులు పెట్టారు కనుక ఏడాదిలో ఎప్పుడైనా, నాలుగైదు రోజుల పాటు నింపాదిగా తొక్కవచ్చు. సొంతంగా దారి గీసుకునే ధైర్యం ఇంకా రానివారికి ఇంతకంటే మంచి పాఠం నాకు తోచదు.

తెల్లదారి మీద తొక్కడం తారురోడ్డు మీద తొక్కినట్టు ఉండదు. కార్ల చక్రాలు నడిచిన రెండు జాడల్లో కంకర పక్కకు చెదిరి నేల గట్టిపడి ఉంటుంది, ఆ జాడలోనే ఉండాలి. రెండు జాడల నడుమ, అంచుల వెంట వదులు రాళ్లు పోగుపడతాయి. దిగుడులో మలుపు రాకముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. మలుపులోకి వంగాక ముందు బ్రేకు నొక్కితే ముందు చక్రం జారిపోతుంది. హ్యాండిలును గట్టిగా బిగించి పట్టుకోకుండా మోచేతులు కాస్త సడలించి, పిరుదులను సీటు నుంచి వేలెడంత పైకి లేపితే సైకిలు తనంతట తానే రాళ్ల మధ్య సర్దుకుంటుంది. నేలలో అడ్డగీతల్లా పడిన గతుకులు వచ్చినప్పుడు ఈ పట్టు సడలింపు విలువ అరచేతులకు వెంటనే తెలుస్తుంది. టైరు 32 మిల్లీమీటర్లు లేదా అంతకంటే వెడల్పు ఉంటే మేలు. వాన పడిన మర్నాడు మాత్రం క్రేతే సెనేసి వంటి బంకమట్టి ప్రాంతాల్లో మట్టిబాటల జోలికి వెళ్లవద్దు. క్రేతే అన్న పేరే ఆ మట్టిని బట్టి వచ్చింది. ఆ మట్టి చక్రానికీ ఫ్రేముకూ మధ్య పట్టేసి సైకిలును అంగుళం కదలనివ్వదు.

దారి గీసుకునేటప్పుడు దూరంకంటే ఎక్కుడు లెక్క ముఖ్యం. పది శాతం వాలు అంటే కిలోమీటరుకు వంద మీటర్ల ఎక్కుడు. టస్కనీలో ఇది నాలుగైదు కిలోమీటర్ల పాటు ఒకేచోట రావడం అరుదు, అయితే అరకిలోమీటరు ముక్కలుగా రోజంతా వస్తూనే ఉంటుంది, అలసట అక్కడే. ఊరి నడిబొడ్డు గుట్ట కొసన ఉంటుంది కాబట్టి రోజులో చివరి కిలోమీటరు తరచుగా అన్నిటికంటే నిటారుగా ఉంటుంది. సియెనాలో వయా శాంతా కాతెరీనా వీధి వాలు 16 శాతం దాకా వెళుతుంది. సామానుతో తొక్కే మామూలు మనిషికి రోజుకు 50–60 కిలోమీటర్లు, మొత్తం వెయ్యి మీటర్ల ఎక్కుడు చాలు. వెనక పెద్ద పళ్లచక్రం పళ్ల సంఖ్య ముందు చిన్నచక్రం పళ్లకు సమానంగానో ఎక్కువగానో ఉండేలా గేర్లు అమర్చుకోండి. మిషెలిన్ కాగితపు మ్యాపుల్లో వాలును బాణపు మొనల గుర్తులతో చూపిస్తారు, మొనలు ఎక్కువైన కొద్దీ ఎక్కుడు కఠినం. ఫోను చెప్పే దారిని యథాతథంగా నమ్మకుండా, అనుమానం ఉన్న ప్రతి చోటా ఉపగ్రహ చిత్రాన్ని దగ్గరగా పెట్టి చూసుకోవాలి. తెల్లదారి అనుకున్నది ఎవరి ఇంటి గేటు దగ్గరో ఆగిపోవచ్చు. 'ప్రొప్రియెతా ప్రివాతా' అంటే సొంత ఆస్తి, 'సెన్‌జా ఉషీతా' అంటే ముందుకు దారి లేదు, 'ఫ్రానా' అంటే కొండచరియ విరిగిపడింది. ఈ మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలా వృథా ఎక్కుళ్లు తప్పుతాయి.

కాలం, గంట కూడా దారిలో భాగమే. ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలలు మంచివి. ఆగస్టు 15 ఫెర్రాగోస్తో పండుగ చుట్టూ దేశమంతా సెలవుల్లో ఉంటుంది. ఆదివారాలు మలుపుల రోడ్ల మీద మోటారు సైకిళ్లవి. వారం మధ్యలో, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు ఊళ్లన్నీ భోజనాలకు కూర్చున్న వేళ, సియెనా నుంచి అషానోకు వెళ్లే లౌరేతానా రోడ్డు దాదాపు ఖాళీగా దొరుకుతుంది. దుకాణాలు కూడా అప్పుడు మూసి ఉంటాయి కనుక రొట్టె, జున్ను ముందే కొనిపెట్టుకోవాలి. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి చివరిదాకా వేట కాలం. చట్టం ప్రకారం మంగళ, శుక్రవారాల్లో వేట నిషిద్ధం, అడవి అంచు దారులకు ఆ రెండు రోజులు ఎంచుకోవడం నయం. నీళ్లకు బెంగ అక్కరలేదు. ఊరి బయట సైప్రస్ చెట్ల మధ్య ఉండే శ్మశానవాటికల్లో పూలకు నీళ్లు పోసేందుకు కుళాయి సాధారణంగా ఉంటుంది, 'నోన్ పొతాబిలే' అని రాసి ఉన్నవి మాత్రం తాగడానికి కాదు. అక్కడికి వచ్చినవారికి తలవంచి పలకరించి సీసా నింపుకుంటే ఎవరూ కాదనరు.

నియమాలు కొన్నే, కచ్చితంగా పాటించవలసినవి. ఊరు దాటాక సైకిళ్లు ఒకదాని వెనక ఒకటిగానే వెళ్లాలి. సొరంగాల్లో ఎప్పుడైనా, ఊరి బయట చీకటి పడ్డాకా మెరిసే చొక్కా తప్పనిసరి, దీపాలూ తప్పనిసరి. 2024 డిసెంబరులో అమలైన సవరణ ప్రకారం, రోడ్డు వీలిచ్చిన చోట కారు సైకిలును దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలి. ఎదురు కనబడని మలుపు దగ్గర హారన్ వినిపిస్తే అది కోపం కాదు, వస్తున్నానన్న హెచ్చరిక. వెంటనే కుడి అంచుకు జరగండి.

ఎక్కుడు వద్దు, ప్రశాంతత మాత్రం కావాలి అనేవారికి ఉంబ్రియాలో స్పోలేతో నుంచి నోర్చా వైపు సాగే పాత రైలుమార్గం ఉంది. 1926లో మొదలై 1968లో ఆగిపోయిన ఆ లైను మీద ఇప్పుడు సైకిళ్లు నడుస్తున్నాయి. రైలు ఎక్కిన దారి కనుక వాలు మెత్తగా ఉంటుంది, కాని దాదాపు రెండు కిలోమీటర్ల పొడవున్న సొరంగం ఒకటుంది, బలమైన దీపం లేకుండా అందులోకి వెళ్లరాదు. బయట ఎంత ఎండగా ఉన్నా లోపల చలి వేస్తుంది, పొడుగు చేతుల చొక్కా ఒకటి చేతికందేలా పెట్టుకోండి.

తిరుగు ప్రయాణానికి ప్రాంతీయ రైళ్లను నమ్ముకోవచ్చు. టైంటేబులులో సైకిలు బొమ్మ ఉన్న రైళ్లలో, సైకిలుకు వేరే టికెట్టు కొని ఎక్కించుకోవచ్చు. కాగితపు టికెట్టయితే ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరచిపోరాదు. స్టేషన్లు లోయల్లో ఉంటాయి, కాబట్టి ప్రయాణపు చివరి రెండు మూడు కిలోమీటర్లు ఎలాగూ పెద్ద రోడ్డు పక్కకు రావలసి వస్తుంది. ఆ ముక్కను మాత్రం ముందురోజే మ్యాపులో విడిగా చూసి పెట్టుకోవాలి. 'ఫెస్తీవో' అని రాసిన రైళ్లు ఆదివారాలకూ పండుగలకూ ఉద్దేశించినవి, అవి తక్కువగా ఉంటాయి. ఆదివారం దిగివచ్చేట్టయితే చివరి రైలును కాకుండా దాని ముందు రైలును లక్ష్యంగా పెట్టుకుని కొండ మీద నుంచి బయలుదేరండి.