లాప్‌టాప్ రిపేర్‌కి ఇచ్చే ముందు మన డేటా ఎట్టా కాపాడుకోవాలి?

పోయిన నెల హింజ్ (మూతని కలిపే కీలు) విరిగిందని మా లాప్‌టాప్ నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపుకి తీసుకెళ్లా. కౌంటర్లో అబ్బాయి తెల్ల టేపు ముక్క చించి దాని మీద నా పేరు, ఫోన్ నంబరు రాసుకుని "పిన్ చెప్పండన్నా" అన్నాడు, నేను టక్కున చెప్పేశా, అది కూడా అదే టేపు మీద రాసి మూతకి అంటించి ర్యాకులో పెట్టాడు. ఆ ర్యాకులో ఉన్న అన్ని లాప్‌టాప్‌ల మీదా అట్టానే పేరు, నంబరు, పిన్, కౌంటర్ దగ్గర నిలబడ్డ ఎవరైనా చదువుకోవచ్చు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, అమ్మ పాస్‌బుక్ స్కాన్లు, చెల్లి సర్టిఫికెట్లు, ఇంటిల్లిపాది ఆధార్‌లు అన్నీ దాంట్లోనే ఉన్నాయని. ఆ అబ్బాయి మంచోడే, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా.

అందుకే మొదటి మాట, పిన్ ఊరికే చెప్పబాకండి. హింజ్, స్క్రీన్, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ లాంటి పనులకి అది అవసరమే లేదు, లాగిన్ స్క్రీన్ దాకా వస్తే స్క్రీన్ బాగుందో లేదో తెలిసిపోద్ది. పిన్ అంటే ఫోటోలు ఒక్కటే కాదండి, క్రోమ్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు చూడాలంటే అది అడిగేది కూడా ఆ విండోస్ పిన్నే. అంటే పిన్ ఇచ్చామంటే జీమెయిల్ దగ్గర్నుంచి కరెంటు బిల్లు సైటు దాకా అన్నీ ఇచ్చినట్టే. ఏటీఎంకి కూడా అవే నాలుగంకెలు పెట్టుకున్నోళ్లు ముందు అది మార్చుకోండి.

ఇక బ్యాకప్. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ నాలుగూ కాపీ చేసుకోండి, రొయ్యల గుంటల లెక్కలో షాపు లెక్కలో టాలీలో రాసేవాళ్లయితే ఆ డేటా ఫోల్డర్ వేరేగా ఉంటది, దాన్ని మర్చిపోబాకండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, తెరుచుకుంటేనే బ్యాకప్ అయినట్టు.

తర్వాత లాగౌట్లు. వాట్సాప్ అయితే ఫోన్లో లింక్డ్ డివైసెస్‌లోకి పోయి ఆ కంప్యూటర్‌ని తీసేయండి. క్రోమ్‌లో సింక్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, పాస్‌వర్డ్‌లు మన గూగుల్ అకౌంట్లోకి చేరాయని ఫోన్లో సరిచూసుకున్నాకే ఆ ప్రొఫైల్ డిలీట్ చెయ్యండి.

ఆధార్, పాన్ ఫైళ్లు డిలీట్ కొట్టి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే సరిపోద్ది అనుకుంటాం కానీ హార్డ్ డిస్కులో ఆ జాగా మీద ఇంకోటి రాసేదాకా డేటా అక్కడే ఉంటది, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. దీనికి నాకు నచ్చిన దారి డిస్కుని ఎన్‌క్రిప్ట్ చెయ్యడం, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు డేటాని మార్చి పెట్టడం. విండోస్ ప్రోలో బిట్‌లాకర్ ఉంటది, హోమ్‌లో చాలా మెషీన్లకి డివైస్ ఎన్‌క్రిప్షన్ అని సెట్టింగ్స్‌లో కనపడద్ది. అది ఆన్‌లో ఉంటే డిస్కు పీకి వేరే కంప్యూటర్‌కి తగిలించినా ఏం కనపడదు. కాకపోతే 48 అంకెల రికవరీ కీ ఒకటుంటది, దాన్ని ముందే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, మదర్‌బోర్డ్ మార్చారంటే కచ్చితంగా అడుగుద్ది, అప్పుడు అది లేకపోతే మన డేటా మనకే రాదు.

సాఫ్ట్‌వేర్ సమస్యయి లాగిన్ ఇవ్వక తప్పదంటే సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి పోయి కొత్త స్టాండర్డ్ యూజర్ ఒకటి పెట్టి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి, దాన్నుంచి మన డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లు తెరుచుకోవు. అన్నీ మార్చగలిగే అడ్మిన్ లాగిన్ కావాల్సిందే అంటే పక్కన కూర్చుని పాస్‌వర్డ్ మనమే కొట్టాలి, టీ తాగొచ్చేలోపు అయిపోద్ది అంటే కూడా లేవబాకండి.

అసలు ఆన్ కాని లాప్‌టాప్ అయితే? వారంటీ లేకపోతే షాపులో మన కళ్లముందే ఎస్‌ఎస్‌డీ (మన డేటా ఉండే డిస్కు) తీయించి ఇంటికి తెచ్చేసుకోండి. ఎం.2 రకమైతే చూయింగ్ గమ్ బిళ్లంత ఉంటది, ఒకే ఒక్క చిన్న స్క్రూ. వారంటీ ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి. తీయడం కుదరకపోతే ఫోన్లోనే గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలోకి పోయి ఆ కంప్యూటర్‌ని సైనౌట్ చేసి, పాస్‌వర్డ్‌లు మార్చేయండి. డిస్కు పాడై కొత్తది వేశారంటే పాతది అడిగి తెచ్చుకోండి, అది వాళ్లకి చెత్త, మనకి కాదు.

మెషీన్ ఇంటికొచ్చాక ఇన్‌స్టాల్డ్ యాప్స్ లిస్టు ఒకసారి చూడండి, దూరం నుంచి మన కంప్యూటర్‌ని నడిపే ఎనీడెస్క్ లాంటిది మనం పెట్టకుండా ఉంటే తీసేయండి. డబ్బులు పోయినట్టు తేలితే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఆ తర్వాత పిన్ మార్చి, మూత మీద టేపు పీకి ముక్కలుగా చించి పారేయండి, నేనైతే షాపు గుమ్మం దిగకముందే పీకేశా.