ప్రెస్ నోట్ కాదు, స్టోరీ: మన ఇంజనీరింగ్ కాలేజీలో జరిగే పని గురించి రాయడం ఎలా

మన యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీల న్యూస్‌లెటర్ ఎప్పుడైనా పూర్తిగా చదివారా, అంటే మన ఫొటో పడిందా లేదా అని తిప్పి చూడటం కాదు, నిజంగా కూర్చుని చదవడం? జ్యోతి ప్రజ్వలన, స్టేజీ మీద ఎనిమిది మంది, శాలువా, మెమెంటో, "ఈ కార్యక్రమంలో ప్రిన్సిపాల్, వైస్ ప్రిన్సిపాల్, వివిధ విభాగాల అధిపతులు, బోధన, బోధనేతర సిబ్బంది పాల్గొన్నారు", ఖతం. ఆ వర్క్‌షాప్‌లో అసలు ఏం చెప్పారు, ఎవడికి ఏం పనికొచ్చింది, ఒక్క ముక్క ఉండదు. అదే టైంలో వెనక బ్లాక్‌లో ఒక స్కాలర్ ఏళ్ల తరబడి ఏదో కొలుస్తూనే ఉంటాడు, పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లకి కూడా అతని సంగతి తెలీదు.

డిపార్ట్‌మెంట్ మ్యాగజైన్ పని నెత్తిన పడ్డ థర్డ్ ఇయర్ పిల్లలకి, ఆ పిల్లల్ని చూసుకోమని కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకి అంటగడతారు కదా, వాళ్లకీ పనికొచ్చేది ఇది. పెద్ద జర్నలిజం ఏం అక్కర్లేదు గానీ కొన్ని పద్ధతులు తెలిస్తే చాలా తేడా వస్తుంది.

ముందు స్టోరీ ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. హెచ్‌ఓడీ రూంకి వెళ్లి "సార్ మన డిపార్ట్‌మెంట్ అచీవ్‌మెంట్స్ ఇవ్వండి" అంటే నాక్ (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) కోసం చేసిన ఎక్సెల్ షీటు చేతిలో పెడతారు, అందులో పేపర్ల సంఖ్య ఉంటుంది, ఎఫ్‌డీపీల (టీచర్లకి పెట్టే ట్రైనింగ్‌లు) సంఖ్య ఉంటుంది, మనుషులు ఉండరు. అది తీసుకోండి, థాంక్యూ చెప్పండి, తర్వాత ల్యాబ్ అసిస్టెంట్ దగ్గరికి వెళ్లండి. ఏ మిషన్ ఎప్పుడు పాడైంది, ఏ స్కాలర్ రాత్రి తాళాలు అడిగి తీసుకుంటున్నాడు, ఏ బ్యాచ్ ప్రాజెక్టు నిజంగా పనిచేసింది, ఏ బ్యాచ్ అమీర్‌పేటలో కొనుక్కొచ్చింది, అన్నీ ఆయనకే తెలుసు. ల్యాబ్ అటెండర్, స్టోర్స్ క్లర్క్, సెక్యూరిటీ అన్న, వీళ్లతో టీ తాగితే వచ్చే స్టోరీలు ఆ షీటులో జన్మలో రావు.

ఒక ఉదాహరణ చెప్తా, ఏ సివిల్ డిపార్ట్‌మెంట్‌కైనా పనికొస్తుంది. కాంక్రీట్ ల్యాబ్‌కి వెళ్తే ఎంటెక్ వాళ్లు సిమెంట్‌లో కొంత తీసేసి థర్మల్ స్టేషన్ ఫ్లై యాష్ (బొగ్గు కాల్చాక మిగిలే సన్నటి బూడిద) కలిపి క్యూబులు పోస్తుంటారు. న్యూస్‌లెటర్‌లో ఇది "ఫ్లై యాష్ ఆధారిత కాంక్రీట్‌పై పరిశోధన" అని ఒక లైన్‌లో పోతుంది. మీరు పక్కన నిలబడి చూడండి. క్యూబు ఒక్కో పక్క 150 మిల్లీమీటర్లు, బరువు సుమారు 8 కిలోలు, చంకలో పెట్టుకుని పోవచ్చు. ఎం30 గ్రేడ్ అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటర్‌కి 30 న్యూటన్లు తట్టుకోవాలి, అంటే ఆ 8 కిలోల ముక్క దాదాపు 69 టన్నుల బరువు మొయ్యాలన్నమాట. లెక్క మీరే వేసుకోవచ్చు, 150 ఇంటూ 150 ఇంటూ 30, వచ్చింది న్యూటన్లలో ఉంటుంది, దాన్ని 9.81తో భాగిస్తే కిలోలు. ఈ ఒక్క నంబర్ రాస్తే కామర్స్ చదివినవాడు కూడా ఆగి చదువుతాడు.

ఇంకా అసలు కథ ఆ 28 రోజుల్లో ఉంది. డిసెంబర్ 17న క్యూబులు పోశారనుకోండి, 28 రోజులకి జనవరి 14, అంటే సరిగ్గా పండగ నెత్తిమీదకి వస్తుంది, హాస్టల్ ఖాళీ, మెస్ బంద్, అందరూ భోగిమంటల దగ్గర ఉంటే ఆ ఎంటెక్ కుర్రాడు టెస్టింగ్ మిషన్ దగ్గర ఉండాలి, ల్యాబ్ తాళం ఎవరు తీస్తారు? పోనీ తీశారు, మూడు క్యూబులు పగలగొడితే మూడూ దగ్గరదగ్గరగా రావాలి, ఐఎస్ 516 (కాంక్రీట్ బలం పరీక్షకి మన దేశ ప్రమాణం) ప్రకారం ఏ ఒక్కటైనా సగటుకి 15 శాతం కంటే అటూ ఇటూ పోతే ఆ సెట్టు లెక్కలోకి రాదు, మళ్లీ పోయాలి, మళ్లీ 28 రోజులు. పైగా ఫ్లై యాష్ బలం నిదానంగా వస్తుంది కాబట్టి 90 రోజులకి కూడా చూడాలి, సెమిస్టరేమో ఆగదు. ఇది కదా స్టోరీ! "విద్యార్థి ఎంతో శ్రమించి" అని రాయక్కర్లేదు, ఈ తేదీలు రాస్తే శ్రమ అదే కనపడుతుంది.

ఇక ప్రొఫెసర్ గారితో మాట్లాడటం. మనోళ్ల అలవాటు ఏంటంటే వెళ్లి "సార్ మీ బయోడేటా ఇవ్వండి" అని అడిగి అదే పేరాలుగా మార్చడం. అలా చేస్తే "వీరు 1998లో బీటెక్, 2001లో ఎంటెక్..." అని రిటైర్మెంట్ సన్మాన పత్రం లాగా తయారవుతుంది. బయోడేటా ముందే వెబ్‌సైట్ నుంచి తీసుకుని చదువుకుని వెళ్లండి, అక్కడ టైం వేస్ట్ చెయ్యొద్దు. పీహెచ్‌డీ థీసిస్ చాలావరకు శోధ్‌గంగలో (మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే సైట్) దొరుకుతుంది, ఫ్రీ, మొత్తం చదవలేరు, చదవక్కర్లేదు, మొదటి చాప్టర్, చివరి చాప్టర్, ఇంకా అక్నాలెడ్జ్‌మెంట్ పేజీ చదవండి. అక్నాలెడ్జ్‌మెంట్‌లో ఎవరికి థాంక్స్ చెప్పారో చూస్తే సగం ప్రశ్నలు అక్కడే పుడతాయి: ఫలానా ఊరి కరెంటు సబ్‌స్టేషన్ వాళ్లకి ఎందుకు థాంక్స్ సార్, అక్కడికి ఎందుకు వెళ్లారు?

ప్రశ్నలు కూడా పెద్దగా ఉండొద్దు. "మీ పరిశోధన సమాజానికి ఎలా ఉపయోగపడుతుంది" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది, ఆయన తప్పు కాదు, ప్రశ్నే అలాంటిది. "ఇది మీరు ఎలా కొలుస్తారు సార్, ఒకసారి చూపిస్తారా" అని అడగండి. "ఏది అనుకున్నట్టు రాలేదు మేడమ్" అని అడగండి. "ఇది చూసి ఇంకెవరైనా కాదు అంటే ఏమని కాదంటారు" అనేది కొంచెం ధైర్యం ఉంటే అడగండి, నిజంగా పని చేసేవాళ్లకి ఈ ప్రశ్న నచ్చుతుంది, మొహం వెలిగిపోతుంది, చెయ్యనివాళ్లు టాపిక్ మారుస్తారు. రికార్డ్ చేసేముందు మాత్రం అడిగి చెయ్యండి. ఇంకోటి, అర్థం కాకపోయినా తల ఊపడం మనకి క్లాసులో వచ్చిన రోగం, ఇక్కడ దాన్ని వదిలెయ్యండి, "సార్ నాకు అర్థం కాలేదు, మా అమ్మకి చెప్పినట్టు చెప్పండి" అంటే ఎవ్వరూ ఏమీ అనుకోరు.

రీసెర్చ్‌ని తెలుగులో విప్పి చెప్పడం అన్నిటికంటే కష్టం, అందుకే దీనికి ఎక్కువ టైం పెట్టుకోండి. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఒకటి ఉంది, నెర్టూ అంటారు, జీపీఎస్ మీద, గగన్ మీద చాలా ఏళ్లుగా పని జరిగిన చోటు (గగన్ అంటే ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం పెట్టిన వ్యవస్థ). అలాంటి పని గురించి "అయనోస్ఫెరిక్ డిలే ఎస్టిమేషన్ యూజింగ్ డ్యూయల్ ఫ్రీక్వెన్సీ" అని తెలుగు లిపిలో దించేస్తే ఎవడికీ ఎక్కదు. ఇలా మొదలుపెట్టండి: ఫోన్‌లో మనం ఎక్కడున్నామో తెలిసేది శాటిలైట్ నుంచి సిగ్నల్ రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కేసి. ఆ శాటిలైట్ సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. టైంలో సెకనులో వంద కోట్లవ వంతు తప్పు వస్తే దూరంలో 30 సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఆ సిగ్నల్ దార్లో అయనోస్ఫియర్ అనే పొర దాటాలి, అది సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది, ఒక్కోసారి ఆ తేడా మీటర్లు దాటి పదుల మీటర్లలోకి పోతుంది. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశం దక్షిణ కొసకి దగ్గరగా పోతుంది కాబట్టి మన నెత్తిమీద ఈ పొర గోల ఎక్కువ, అమెరికా కోసం చేసిన మోడల్ తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోదు. మరి ఎలా? ఆలస్యం ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది కాబట్టి 1575.42 మెగాహెర్ట్జ్‌లో ఒకటి, 1227.60లో ఒకటి, రెండు సిగ్నళ్లు పట్టుకుని వాటి మధ్య తేడా చూస్తే ఎంత ఆలస్యమైందో దొరికిపోతుంది. హైదరాబాద్‌లో కూర్చుని దీన్ని కొలవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చదివేవాడికి ఇప్పుడు తెలిసింది, ఆ తర్వాత స్కాలర్ ఏం చేశాడో చెప్తే వింటాడు.

పద్ధతి ఏంటంటే, ముందు అందరికీ తెలిసిన వస్తువు, తర్వాత ఒక నంబర్, తర్వాత ఇబ్బంది, చివర్లో మాత్రమే వీళ్లు చేసిన పని. టెక్నికల్ మాటల్ని బలవంతంగా తెలుగు చెయ్యొద్దు, ఫ్రీక్వెన్సీని ఫ్రీక్వెన్సీ అనే రాయండి, "పౌనఃపున్యం" అని రాస్తే ఫిజిక్స్ మేడమ్ తప్ప ఎవరూ చదవరు. కానీ ఒక్క పేరాలో కొత్త మాటలు మూడు దాటకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటు, గొప్పలు. "పేటెంట్ సాధించిన ప్రొఫెసర్" అని హెడ్డింగ్ పెట్టేముందు ఆగండి. పేటెంట్‌కి అప్లికేషన్ వెయ్యడం వేరు, అది పబ్లిష్ అవ్వడం వేరు, గ్రాంట్ అవ్వడం వేరు. మన దేశంలో అప్లికేషన్ వేస్తే మామూలుగా 18 నెలలకి దానంతటదే పబ్లిష్ అవుతుంది, ఫారం 9 పెట్టి ఫీజు కడితే ఇంకా ముందే అవుతుంది, అందులో ఎవరూ పరీక్షించి బాగుందని చెప్పింది ఏమీ లేదు. పరీక్ష కోసం విడిగా ఫారం 18 పెట్టాలి, వాళ్లు అభ్యంతరాలు పంపిస్తారు, జవాబులు ఇవ్వాలి, అప్పుడు గ్రాంట్ వస్తే రావచ్చు. పబ్లిష్ అయిన కాగితానికి ఫ్రేమ్ కట్టి ఫ్లెక్సీ వేసిన డిపార్ట్‌మెంట్లు ఎన్ని ఉన్నాయో చెప్తే గొడవలవుతాయి. డిజైన్ రిజిస్ట్రేషన్‌ని కూడా పేటెంట్ అని వేస్తుంటారు, అది పూర్తిగా వేరే, వస్తువు రూపానికి ఇచ్చేది. అప్లికేషన్ నంబర్ అడిగి తీసుకుని పేటెంట్ ఆఫీసు సైట్‌లో చూడండి, స్టేటస్ అక్కడే ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, ఇది ఇంకా ముఖ్యం. ఇంకా అప్లికేషనే వెయ్యని ఐడియాని మీరు మ్యాగజైన్‌లో వివరంగా రాసేశారనుకోండి, అది బయటపడిపోయినట్టే, కొత్తది కాదని చెప్పి తర్వాత పేటెంట్ రాకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకని ల్యాబ్‌లో కొత్త పరికరం ఏది చూసినా మొదటి ప్రశ్న "సార్ ఫైల్ చేశారా" అని ఉండాలి. ప్రొవిజనల్ అప్లికేషన్ వేసి పెట్టుకుంటే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు టైం ఉంటుంది, చాలామంది ఫ్యాకల్టీకి కూడా ఈ సంగతి గుర్తుండదు.

పేపర్ల విషయం కూడా అంతే. "ఇంటర్నేషనల్ జర్నల్" అని పేరులో ఉన్నంత మాత్రాన ఏమీ కాదు, డబ్బు కడితే వారంలో వేసేవి బోలెడు. డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత లింక్ నంబర్) ఉందా, నొక్కితే ఓపెన్ అవుతుందా, స్కోపస్‌లో (జర్నళ్ల జాబితా ఉంచే డేటాబేస్) ఆ జర్నల్ ఉందంటే ఇప్పటికీ ఉందా లేక తీసేశారా, ఈ మూడు చూసుకోవడానికి పది నిమిషాలు పట్టదు. ప్రాజెక్టు డబ్బులైతే శాంక్షన్ ఎంత, ఇప్పటిదాకా వచ్చింది ఎంత, ఎన్నేళ్లకి, ఎవరి పేరు మీద అని అడిగి రాయండి, మూడేళ్లకి కలిపి ఇచ్చిన మొత్తాన్ని ఈ ఏడాదే వచ్చినట్టు వేస్తే చదివినవాళ్లు "మరి మా ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ ఎందుకు లేదు" అని అడుగుతారు, న్యాయంగానే అడుగుతారు.

స్టూడెంట్ స్టోరీల్లో ప్యాకేజీ ఒక్కటే స్టోరీ అనుకోవద్దు, ఆ పోస్టర్ ప్లేస్‌మెంట్ సెల్ ఎలాగూ వేస్తుంది. ఇంటి పరిస్థితి గురించి రాసేటప్పుడు చాలా జాగ్రత్త. నాన్న కూలీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివాడు, రెండు బ్యాక్‌లాగ్స్ ఉండేవి, ఇవన్నీ మనకి మంచి మసాలా లాగా కనిపిస్తాయి, అతనికి మాత్రం రేపు ఆఫీసులో, పెళ్లి సంబంధాల్లో ఎవరో గూగుల్ చేస్తే వచ్చేవి. అడగండి, రాసింది చూపించండి, వద్దంటే తీసెయ్యండి. టీం ప్రాజెక్టు అయితే టీంలో అందరి పేర్లూ ఉండాలి, స్టేజీ మీద మాట్లాడినవాడి పేరొక్కటే వేస్తే హాస్టల్‌లో మీరే సమాధానం చెప్పుకోవాలి.

పాత కథలు రాస్తే సంవత్సరాలు కలిపెయ్యొద్దు. కాకినాడ కాలేజీ 1946లో వైజాగ్ ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టింది, జేఎన్‌టీయూ 1972లో వచ్చింది, జేఎన్‌టీయూ కాకినాడ విడి యూనివర్సిటీ అయింది 2008లో. అనంతపురం కాలేజీ కూడా 1946దే, మొదట మద్రాసు గిండీలో నడిచి 1948లో అనంతపురం వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ 1918, ఇంజనీరింగ్ కాలేజీ 1929. కాలేజీ వయసు, యూనివర్సిటీ వయసు ఒకటి కాదు, జూబ్లీ సావనీర్లలో ఎప్పుడూ జరిగే తప్పు ఇదే. అల్యుమ్నై అంటే ఉస్మానియా వాళ్లు అడోబీ శంతను నారాయణ్, ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు జీఎంఆర్ గారు, ఎప్పుడూ ఈ పేర్లేనా? ఊళ్లో ట్రాన్స్‌కోలో, ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన ఏఈ, డీఈలు ఎంతమంది ఉంటారు, వాళ్ల దగ్గర ఉండే సంగతులు ఏ ఇంటర్వ్యూలోనూ రాలేదు ఇంతవరకు.

ఫొటోల్లో స్టేజీ వద్దు, చేతులు, మిషన్, నోట్‌బుక్ ఉండాలి. హెడ్డింగ్‌లో "అద్భుత", "విప్లవాత్మక" వద్దు, "69 టన్నులు మోసే 8 కిలోల ముక్క" చాలు.

చివరికి అప్రూవల్ గోల. రాసింది సార్‌కి చూపించాలి, తప్పదు, నిజానికి మంచిదే, ఫ్యాక్ట్స్ తప్పులు ఆయనే పట్టుకుంటారు. కానీ "చూడండి సార్, నంబర్లు, పేర్లు కరెక్టేనా" అని అడిగి ఇవ్వండి, "మార్పులు చెయ్యండి సార్" అని ఇస్తే మొదటి పేరా "గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారి మార్గదర్శకత్వంలో"తో మొదలై తిరిగొస్తుంది. అలా వచ్చినా గొడవ పడొద్దు, ఆ పేర్లన్నీ చివర్లో చిన్న అక్షరాల్లో ఒక బాక్సులో వేస్తామని చెప్పండి, తొంభై శాతం ఒప్పుకుంటారు. కాపీలు ప్రింట్ అయ్యాక ఒకటి ల్యాబ్ అసిస్టెంట్‌కి మీరే తీసుకెళ్లి ఇవ్వండి, వచ్చే ఇష్యూకి టాపిక్ ఆయనే చెప్తాడు.