ఓరియన్ నెబ్యులాకి ఎక్స్‌పోజర్ పెట్టే ముందు

వైజాగ్‌లో మబ్బులు విడుతున్నాయి, కెమెరాలు బయటికొస్తాయి. ఓరియన్ నెబ్యులాని (ఓరియన్ నక్షత్రరాశిలోని వాయువు, ధూళి మేఘం) తీసేముందు ఇవి చూసుకోండి.

– ముందు ఒక్క ఫ్రేమ్ తీసి, పూర్తిగా జూమ్ చేసి చూడండి. చుక్కలు గీతలైతే ఎన్ని ఫ్రేములు స్టాక్ చేసినా (ఒకదానిమీద ఒకటి కలిపినా) బాగుపడవు. నేనొకసారి తెల్లారాక చూసుకున్నాను, రాత్రంతా వృథా.

– ట్రాకర్ (చుక్కల కదలికతో పాటు కెమెరాని తిప్పే పరికరం) లేదా? 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (ఎంఎంలలో) భాగించండి, ఒక్కో ఫ్రేముకి అన్ని సెకన్లు పెట్టొచ్చు. ఫుల్‌ఫ్రేమ్‌ (పెద్ద సెన్సర్) కెమెరాలో 200 ఎంఎంకి రెండున్నర సెకన్లు. నన్నడిగితే అదీ ఎక్కువే, ఒక సెకనుతో మొదలెట్టండి.

– బీచ్ రోడ్డు వెలుగులో టైమ్ పెంచితే ఆకాశమే తెల్లబడుతుంది. హిస్టోగ్రామ్ (ఫ్రేములో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) గుట్ట ఎడమ అంచును వదిలితే చాలు. అరకు చీకట్లో మాత్రం పెంచుకోవచ్చు.

– నెబ్యులా నడిమధ్య ట్రపీజియం అనే చుక్కల గుంపు త్వరగా మాడిపోతుంది (తెల్లగా అయిపోతుంది). దానికి చిన్న ఎక్స్‌పోజర్లు విడిగా తీయండి.

– లెన్స్ మీద తేమ పడుతుంది. అరగంటకోసారి టార్చ్ వేసి చూడండి, ఫ్రేముల మధ్యలో.