నిర్మాణ స్థలం చుట్టూ రేకులు కడుతున్నారా?

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కొత్త భవనం పని మొదలవగానే చుట్టూ రేకుల అడ్డుగోడ లేస్తుంది. దాన్ని లోగోతో, రంగులతో నింపి వదిలేయకండి. పాత దారి మూసుకుపోయిన చోటే, అదే రేకు మీద, గ్రంథాలయానికి ఎటు వెళ్లాలో పెద్ద బాణంతో చూపించండి. చక్రాల కుర్చీ వెళ్లగల దారి ఏదో విడిగా రాయించండి. విద్యార్థులకు అప్పుడు కావలసింది అదే.

అక్షరాలు రెండు రేకుల అతుకు మీద పడకుండా చూడాలి. ఒకటి సొట్టపోయినా అదొక్కటే మార్చుకోవచ్చు. మోకాలి ఎత్తు వరకు ఏమీ రాయించకండి, వానకు బురద చిందేది అక్కడే.

మలుపుల దగ్గర మాత్రం రేకులకు బదులు ఇనుప జాలీ పెట్టించండి, ఎదురుగా వచ్చే సైకిలు కనబడాలి. ఆ జాలీకి ఫ్లెక్సీ అసలు కట్టనివ్వకండి: చూపు ఆగిపోతుంది, పైగా గాలికి తెరచాపలా ఉబ్బి కంచెనే పడగొట్టవచ్చు.