బండ్లను తరమకుండా రోడ్డు ఖాళీగా ఉంచాలంటే

మీ గల్లీ మొదట్లో తోపుడు బండ్లు ఎక్కువై నడిచే జాగా లేదని ఫిర్యాదు పెట్టేముందు ఒక్క వారం ఆగండి. హన్మకొండలో మా కాలనీవాళ్లం ఆగలేదు. ఫిర్యాదు పెట్టి బండ్లన్నీ తీయించాం. పది రోజులు తిరగకముందే అవే బండ్లు ఇంకా ఇరుకైన మలుపు దగ్గర నిలబడ్డాయి. తడి గోనెసంచి కప్పుకుని పుంటికూర కట్టలు అమ్మే పెద్దమ్మ మాత్రం మళ్లీ రాలేదు, ఆ తప్పు మాదే.

ముందు చూడండి. మూడు రోజులు పొద్దున, సాయంత్రం నిలబడి ఎవరు ఎక్కడ, ఎంతసేపు ఉంటున్నారో రాసుకుంటే ఒక సంగతి తెలుస్తుంది: చాలాచోట్ల దారి మూసేది బండి కాదు, దాని ముందు అడ్డంగా ఆపే మన బైకులు. కాబట్టి బండి వీపు గోడకు ఆనేలా, రోడ్డు పొడవునా పెట్టమనండి, ముందు సున్నంతో గీత గీయండి, బైకులకు కాస్త దూరంలో చోటు చూపించండి. మలుపు, బస్టాపు, బడి గేటు, దవాఖాన గేటు దగ్గర మాత్రం ఎవరూ ఉండొద్దు, అక్కడ మొహమాటపడకండి.

ఇవన్నీ బండివాళ్లను కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు వెళ్లండి, సాయంత్రం వెళ్తే ఎవరూ వినరు. చెత్తకు బండికో సంచి, రాత్రి ఆ సంచిని ఎక్కడ పెట్టాలో ఒక చోటు, అంతే. కాలనీ సంఘం పేరుతో వాళ్ల దగ్గర రూపాయి కూడా వసూలు చేయొద్దు, మొదలైతే ఆగదు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఎవరు ఎక్కడ అమ్మాలనే విషయంలో టౌన్ వెండింగ్ కమిటీ మాట ఉండాలి. దానికి మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడు, సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అమ్ముకోవడానికి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లను కదపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకెళ్తే లిస్టు రాసివ్వాలి, కూరగాయలు, పండ్లలాంటివి అడిగిన రోజే తిరిగివ్వాలి. ఇది బండివాళ్లలో చాలామందికి తెలియదు, కాగితం మీద రాసి చదివి వినిపించండి. గుర్తింపు కార్డు లేనివాళ్లను మెప్మా (పట్టణాల్లో పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్ల దగ్గరికి మీరే తీసుకెళ్లండి, వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన పీఎం స్వనిధి లోను గురించి కూడా అక్కడే అడగొచ్చు. వడ్డీకి తెచ్చి రోజూ కట్టే టెన్షన్ కొంతైనా తగ్గుతుంది.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పెత్రమాస సంగతి వేరు. ఆ ఎంగిలిపూల బతుకమ్మ నాడు వెయ్యి స్తంభాల గుడి చుట్టుపక్కల ఎంత జనం ఉంటారో తెలిసిందే. ఊళ్ల నుంచి గునుగు, తంగేడు మూటలు దించుకునేవాళ్లకు కార్డులుండవు, ఆ ఒక్కరోజు కోసమే వస్తారు. మీ రోడ్డు మీద కూడా పూలు అమ్ముతారంటే వాళ్ల కోసం రెండు రోజుల ముందే ఒక వరస ఖాళీగా ఉంచి గీత గీయండి, పక్కన ఒక డ్రమ్ము నీళ్లు పెట్టండి. పూల మీద చల్లుకోవడానికి నీళ్లు దొరక్కే వాళ్లు కుళాయి ఉన్న మలుపుకు జరుగుతారు.